గళ్ల సంచా, లిస్టా? జొన్నగిరి వజ్రాల ఆటకి ఏ ఇన్వెంటరీ కుదురుతుంది

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలులో ఇంజనీరింగ్ చదువుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా గోడో అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ కోసం చిన్న ఆర్‌పీజీ, అంటే ఒక పాత్రలో దూరి ఆడే ఆట, చేస్తున్నానన్నావు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికే కుర్రాడి కథ. వాడి సంచికి డయాబ్లో అనే ఆటలో లాగా గళ్లు పెట్టాలా, స్కైరిమ్ అనే ఆటలో లాగా లిస్టు పెట్టాలా, బరువు లెక్క ఉండాలా వద్దా అని అడిగావు. ఫ్రెండ్స్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తుంటే బుర్ర తిరిగిపోతోందని కూడా రాశావు.

నేను పన్నెండేళ్లు బెంగళూరులో మొబైల్ గేమ్‌లకి స్క్రీన్లు డిజైన్ చేశాను. ఇప్పుడు అనంతపురంలో ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. చేసినవాటిలో ఇన్వెంటరీలే, అంటే ఆటగాడి సంచిలో ఏముందో చూపించే స్క్రీన్లే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

గళ్లా, లిస్టా అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. సంచి తెరిచిన ప్రతిసారీ నీ ఆటగాడు ఏ విషయం ఆలోచించాలి? ఏది ఉంచుకోవాలనా, ఏది వేసుకోవాలనా, ఏది అమ్మాలనా? ఆ ఒక్కదాని చుట్టూ స్క్రీన్ కట్టు. మిగతా చాకిరీ అంతా ఆట తనంతట తనే చేసిపెట్టాలి. నీ ఫ్రెండ్స్ చెప్తున్న ఆటలన్నిటినీ ఈ కంటితోనే చూద్దాం.

1996లో వచ్చిన డయాబ్లో తీసుకో. ఊరి కింద నేలమాళిగల్లోకి దిగి దెయ్యాలతో పోరాడే ఆట అది. సంచిలో అడ్డంగా పది, నిలువుగా నాలుగు, మొత్తం 40 గళ్లు. ఉంగరానికి ఒక గడి. పెద్ద కవచానికి రెండు అడ్డం, మూడు నిలువు, అంటే ఆరు గళ్లు. బంగారం కూడా చోటు తింటుంది, గడికి 5000 వరకు. మందు సీసాలకి నడుం పట్టీలో ఎనిమిది చోట్లు విడిగా ఉంటాయి. సంచి తెరిస్తే స్క్రీన్‌లో కుడి సగమే మూసుకుపోతుంది. ఎడమ సగంలో నీ మనిషి అలాగే నిలబడి ఉంటాడు, ఆట ఆగదు, దెయ్యం వచ్చి కొట్టొచ్చు. ఇంత లోతుకి దిగాక దొరికినవాటిలో ఊరికి మోసుకెళ్లాల్సింది ఏది? ఆ ఆట అడిగే ప్రశ్న ఇదే. కవచం పెద్దది, ఉంగరం చిన్నది అని ఒక్క అంకె కూడా లేకుండా కంటికే తెలిసిపోతుంది. అక్షరం ముక్క రానివాళ్లకి కూడా అర్థమయ్యే స్క్రీన్ అది. నాకు ఇప్పటికీ దానిమీద గౌరవం ఉంది.

దానికో ఖర్చు ఉంది. పన్నెండు గళ్లు ఖాళీగా ఉన్నా అవి చెల్లాచెదురుగా ఉంటే కవచం పట్టదు. ఇక సర్దుడు మొదలు. డయాబ్లో 2లో ఈ చోటుకి మరింత విలువ వచ్చింది. 2001లో వచ్చిన దాని ఎక్స్‌పాన్షన్‌లో, అంటే అదనపు భాగంలో, తాయెత్తుల్లాంటి వస్తువులు పెట్టారు. అవి సంచిలో ఉన్నంతసేపే బలాన్నిస్తాయి. అంటే బలం పెంచుకుంటే కొత్త వస్తువులకి చోటు తగ్గుతుంది. చాలా మంచి చిక్కు అది. తర్వాత 2012లో మూడో భాగంలో ప్రతి వస్తువూ ఒకటో రెండో గళ్లకి వచ్చేసింది. 2023లో నాలుగో భాగానికి ఏ వస్తువైనా ఒకటే గడి. వస్తువులు వానలా కురిసే ఆటల్లో ఆటగాడి ఆలోచనంతా 'ఇది దానికంటే మేలా' అన్నదాని మీదే ఉంటుంది, ఆకారం లెక్క అడ్డం పడుతుంది. ఆ సిరీసే తన గళ్లని మెల్లమెల్లగా వదులుకుంది చూడు. గళ్లే కావాలని పట్టుబడుతున్న నీ ఫ్రెండ్‌కి ఈ సంగతి చెప్పు.

స్కైరిమ్ 2011లో వచ్చింది. దాంట్లో పేర్ల లిస్టు, మొదట్లో మోయగలిగే బరువు 300. దాటితే పరుగెత్తలేడు, మ్యాప్ మీద నొక్కి ఒక్కసారిగా ఇంకో చోటికి చేరే ఫాస్ట్ ట్రావెల్ కూడా చేయలేడు. టీవీకి దూరంగా సోఫాలో కూర్చుని కంట్రోలర్‌తో ఆడేవాళ్లకి ఆ లిస్టు బాగానే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆట 'ఏదో ఒకటి పారెయ్' అంటుంది, కానీ పారేయడానికి కావాల్సిన రెండు అంకెలూ, అంటే బరువూ ధరా, లిస్టులో చూపించదు. ఒక్కో పేరు మీదకీ వెళ్లి చూడాలి. నలభై వస్తువులుంటే నలభైసార్లు. కంప్యూటర్‌లో ఆడేవాళ్లకి విసుగొచ్చి, వాళ్లలోనే కొందరు కలిసి స్కైయూఐ అనే మాడ్, అంటే ఆటకి ఆటగాళ్లే చేసుకునే మార్పు, తయారుచేశారు. బరువుకో కాలమ్, ధరకో కాలమ్, వెతకడానికో పెట్టె. అంతే, కొన్ని లక్షల మంది దాన్ని వేసుకున్నారు. ఏ నిర్ణయం అడుగుతున్నావో దానికి కావాల్సిన సమాచారం అదే స్క్రీన్‌లో, అదే వరుసలో ఉండాలన్న సంగతి నేను ఆ మాడ్ చూసే నేర్చుకున్నాను.

అదే స్కైరిమ్‌లో నీకు బాగా పనికొచ్చే ఘట్టం ఒకటుంది. మొదట్లోనే బ్లీక్ ఫాల్స్ బారో అనే పాడుబడ్డ సమాధిలో ఒక తలుపు వస్తుంది. దాని మీద తిప్పడానికి మూడు చక్రాలు. ఎలా తిప్పాలో గోడల మీద ఎక్కడా ఉండదు. సంచిలో ఉన్న బంగారు పంజాని తీసి, దగ్గరగా పెట్టుకుని, వెనక్కి తిప్పి చూస్తే అరచేతి వైపు మూడు బొమ్మలు కనిపిస్తాయి: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. తలుపు తెరుచుకుంటుంది. ఆ ఒక్కసారి సంచి సామాన్ల గది స్థాయి దాటి, ఆటలో భాగమైపోయింది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

బరువు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డార్క్ సోల్స్‌లో ఒంటిమీద వేసుకున్నవాటికే బరువు లెక్క. మోయగలిగినదాంట్లో నాలుగో వంతు లోపుంటే దెబ్బ తప్పించుకోవడానికి చురుగ్గా దొర్లుతాడు, సగం దాటితే బస్తాలా పడతాడు. సంచిలో ఎన్ని ఉన్నా అడగదు. కవచమా, చురుకుదనమా అన్న ప్రశ్న పోరాటానికి ప్రాణం కాబట్టి బరువు అక్కడ నిలబడింది. విచర్ 3లో 2015లో విడుదలైన కొన్ని వారాలకే ఒక ప్యాచ్, అంటే సవరణ, ఇచ్చి, మూలికలకీ తయారీ సరుకులకీ బరువు తీసేశారు, సామాన్లు దాచుకునే పెట్టె కూడా పెట్టారు. ఆకులు ఏరుకునేవాణ్ణి బరువుతో బెదిరించడం అనవసరమని వాళ్లకి తెలిసొచ్చింది. మాస్ ఎఫెక్ట్ మొదటి భాగంలో 150 వస్తువుల హద్దు ఉండేది, పొడుగాటి లిస్టు. రెండో భాగంలో ఆ ఇన్వెంటరీనే దాదాపు ఎత్తేశారు. నీ ఆటలో బరువు వద్దు. గోలీ అంత రాయికి బరువేంటి?

ఒక చిన్న మార్పు ఎంత పని చేస్తుందో చెప్పాలంటే జెల్డా ఆటలు రెండు చూడాలి. 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో ఆయుధాల సంచి నిండి ఉన్నప్పుడు పెట్టె తెరిస్తే, ఇంక పట్టదని చెప్పి కొత్త కత్తిని మళ్లీ పెట్టెలోనే వదిలేస్తుంది. నువ్వు మెనూలోకి వెళ్లి, పాత కత్తి ఒకటి పడేసి, బయటికి వచ్చి, పెట్టె మళ్లీ తెరవాలి. 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో పెట్టె దగ్గరే ఆయుధాలు చూపించి, ఒకటి వదిలి ఇది తీసుకోమంటుంది. హద్దు అదే, నిర్ణయమూ అదే. మధ్యలో ఉన్న నాలుగు అడుగులు మాయం. సంచి నిండినప్పుడు నీ ఆట ఏం చేస్తుందన్నది ఇప్పుడే కాగితం మీద రాసుకో. చాలామంది దాన్ని చివరికి వదిలేసి, ఒక 'బ్యాగ్ ఫుల్' మెసేజ్‌తో సరిపెట్టేస్తారు.

చాకిరీ ఆటే చేసిపెట్టాలన్నానే, దానికి పోకెమాన్ మంచి ఉదాహరణ. మొదటి తరం ఆటల్లో సంచికి 20 చోట్లే. సైకిలూ, బంతులూ, మందులూ అన్నీ అందులోనే కుక్కాలి. రెండో తరంలో సంచిని జేబులుగా విడగొట్టారు. బంతులు ఒక జేబు, ముఖ్యమైనవి ఒక జేబు. తీసుకోగానే అదే జేబులోకి అదే వెళ్లిపోతుంది. బాల్డర్స్ గేట్ 3లో తాళంచెవులకి ఒక గుత్తి, మూలికలకి ఒక సంచి, తిండికి ఒక మూట ఉన్నాయి. దొరికినవి వాటంతట అవే అందులో పడిపోతాయి. తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలన్నది ఎవరికీ సరదా నిర్ణయం కాదు.

ఇంకో విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. మా నాయన ఆర్టీసీలో కండక్టరు. ఇప్పుడంటే మెషిన్లు వచ్చాయి గానీ, నా చిన్నప్పుడు చేతిలో టికెట్ల ట్రే ఉండేది, ధరకో కట్ట, కట్టకో రంగు. కదిరి వైపు రాత్రి బండిలో లైటు కూడా సరిగా వెలిగేది కాదు. నాయన కళ్లు ప్యాసింజరు ముఖం మీద ఉండేవి, బొటనవేలు మాత్రం సరైన కట్ట మీదకి పోయి టికెట్ చింపేసేది. డ్యూటీ ఎక్కేముందు ఆ కట్టల్ని తన వరుసలో తనే పెట్టుకునేవాడు. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో, సంచి తెరిచిన ప్రతిసారీ వస్తువులన్నీ వాటంతట అవే సర్దుకునేలా పెట్టించాను. మీటింగ్‌లో చూస్తే ముచ్చటగా ఉంది. ఇంటికి తెచ్చి అక్క కొడుక్కి ఇచ్చాను. పోరాటం మధ్యలో మందు తాగాలి. వాడు చూడకుండానే రెండో వరుస మూడో గడి నొక్కాడు. పొద్దుట్నుంచీ మందు ఉన్నది అక్కడే. మధ్యలో కొత్త వస్తువు ఒకటి దొరకడంతో అన్నీ జరిగి, ఆ గడిలోకి టార్చి వచ్చింది. టార్చి వెలిగింది, వాడి మనిషి చచ్చిపోయాడు. మూడోసారి కూడా అలాగే అయ్యేసరికి ఫోన్ మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ పిల్లాడి తప్పేం లేదు, వాడి వేలు నేర్చుకున్న చోటుని నేను లాగేశాను. ఆ రోజునుంచి సర్దడమన్నది ఆటగాడు బటన్ నొక్కితేనే జరగాలన్నది నా నియమం. తరచుగా వాడే వస్తువుల చోటు అసలు కదలకూడదు.

ఇక ఫోన్ సంగతి. వేలితో నొక్కే ఏ బటనైనా కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజుకి ఆండ్రాయిడ్ వాడే కొలత) ఉండాలని ఆండ్రాయిడ్ సూచన, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే నీకు దొరికే ఎత్తు ఏడు సెంటీమీటర్ల లోపే. పైన హెడ్డింగ్, కింద బటన్లు పోగా నాలుగు వరుసలు మిగుల్తాయి. స్కేలు పెట్టి కొలిస్తే డయాబ్లో గళ్లు పట్టేస్తాయి. పట్టినా పనికిరావు. మౌస్ బాణం దేన్నీ కప్పదు, బొటనవేలు ఒక గడినీ దాని చుట్టుపక్కలనీ కప్పేస్తుంది. లాగుతున్న వస్తువు ఎక్కడ పడుతుందో లాగేవాడికే కనిపించదు. అందుకే ఫోన్‌లో లాగడం కన్నా ఒకసారి తాకి ఎంచుకోవడం, ఇంకోసారి తాకి పెట్టడం మేలు. లాగడం తప్పదనుకుంటే వస్తువు బొమ్మని వేలికి కాస్త పైన చూపించు. రెండు చేతులతో పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు స్క్రీన్ మధ్యకి హాయిగా అందవు. కాబట్టి తాకాల్సినవన్నీ కుడి పక్కకి తే, చదవాల్సినవి ఎడమ పక్కన పెట్టు. నొక్కి పట్టుకుంటేనే వచ్చే మెనూలో ముఖ్యమైన పని ఏదీ దాచకు, దాన్ని చాలామంది కనుక్కోలేరు.

నీ ఆట తెలుగులో అన్నావు, ఆ మాట చదివి చాలా సంతోషమేసింది. దానికి తగ్గ జాగ్రత్తలు కూడా ఉన్నాయి. గోడో 4లో తెలుగు వత్తులు సరిగా వస్తాయి, ఇంకా గోడో 3లోనే ఉంటే ముందు అది మార్చు. గోడో లాంటిదే అయిన యూనిటీలో, అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోతో నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు, 'స్త్రీ' అన్న అక్షరం మూడు ముక్కలై పక్కపక్కన నిలబడేది. ఇంగ్లిష్ కొలతలతో వరుసలు కడితే కింద వత్తులు తెగిపోతాయి, పైన గుడిదీర్ఘం మీది వరుసకి తగులుతుంది. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు ఇవ్వు. 'మంచినీళ్ల సీసా', 'రాగి సంగటి ముద్ద' లాంటి పేర్లు గడిలో పట్టవు. మధ్యలో కోసి మూడు చుక్కలు పెట్టకు, అక్షరం సగంలో తెగితే చదవలేం. గడిలో బొమ్మ మాత్రం ఉంచి, పేరు ఎడమవైపు వెడల్పాటి పట్టీలో పూర్తిగా రాయి. అకారాది క్రమంలో సర్దడం కూడా వద్దు. డిక్షనరీలో పదం చూడటానికే తడుముకుంటాం, పోరాటం మధ్యలో సంచిలో అలా ఎవరూ వెతకరు. వెతికే పెట్టె కూడా అక్కర్లేదు. తెలుగు పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు, దొరక్కపోతే చిరాకు.

ఇప్పుడు నీ ఆట. తొలకరికి పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి. ఊళ్లకి ఊళ్లు వచ్చి చెట్ల కింద వండుకు తింటూ, తల వంచుకుని రోజంతా వెతుకుతారు. కనిపించిన ప్రతి మెరుపూ వజ్రం కాదు, ఎక్కువ భాగం పలుగురాళ్లే. నీ కుర్రాడి ముందున్న అసలు ప్రశ్న: నా దగ్గరున్న రాళ్లలో ఏది వజ్రం, ఏది వ్యాపారికి చూపించాలి? నీ సంచి అడగాల్సింది కూడా ఇదొక్కటే. డయాబ్లోలో కూడా దొరికిన మంత్ర వస్తువు గుణం వెంటనే తెలియదు. స్క్రోల్ చదివితేనో, ఊళ్లో కెయిన్ అనే పెద్దాయనకి చూపిస్తేనో తెలుస్తుంది. కానీ అక్కడ ఆటగాడు తెలుసుకోవడానికి చేసేదేమీ లేదు. నీ ఆటలో చేసేది బోలెడుంది. రాయి మీద ఊదితే, వజ్రం వేడిని చాలా త్వరగా పంపేస్తుంది కాబట్టి ఆవిరి వెంటనే ఆరిపోతుంది, పలుగురాయి మీద కాసేపు నిలుస్తుంది. నీళ్లలో వేస్తే పలుగురాయి మెరుపు మందగిస్తుంది, వజ్రం అంతగా మసకబారదు. గాజు మీద గీసి చూడటం మాత్రం మోసం చేస్తుంది. కాఠిన్యంలో వజ్రం 10 అయితే పలుగురాయి 7, గాజుని రెండూ గీస్తాయి. ఈ మూడూ సంచి స్క్రీన్‌లోనే మూడు బటన్లుగా పెట్టు. బంగారు పంజాలాగా రాయిని పెద్దగా చూపించి, వేలితో తిప్పనివ్వు, ఎండ ఎటునుంచి పడుతుందో మార్చనివ్వు. రెండు రాళ్లని పక్కపక్కన పెట్టి చూడగలగాలి. పోల్చి చూడకుండా ఈ ఆటలో ఎవరూ ఏదీ తేల్చలేరు.

ఆ రాళ్లకి గళ్లు వద్దు, లిస్టూ వద్దు. మన చేలల్లో దొరికినదాన్ని తువ్వాలు చివరో, కొంగునో ముడేసుకుంటారు. సంచి తెరవగానే నేల మీద తువ్వాలు పరుచుకోవాలి, దాని మీద రాళ్లు. ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. అనుమానం ఉన్నవి ఒక మూలకి, నమ్మకం ఉన్నవి ఇంకో మూలకి ఆటగాడే జరుపుకుంటాడు. 1992లో వచ్చిన అల్టిమా 7లో సంచులు ఇలాగే ఉండేవి. కానీ వస్తువుల కింద వస్తువులు దాక్కుని తాళంచెవి వెతకడం పెద్ద శిక్ష అయిపోయేది. అందుకే రాళ్లకి 12 హద్దు పెట్టు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కనివ్వకు. పదమూడోది దొరికినప్పుడు చేలో అక్కడికక్కడే తువ్వాలు చూపించి, ఏది వదిలేస్తావని అడుగు. వదిలేసిన రాయి వజ్రమేమో అన్న టెన్షన్‌తో ఆటగాడు మర్నాడు అదే చోటికి తిరిగొస్తాడు చూడు.

పనిముట్లకీ తిండికీ మాత్రం కుడి అంచున ఆరు గళ్లు, నిలువుగా రెండు వరుసల్లో. పార, జల్లెడ, టార్చి, నీళ్లు, సంగటి, బొరుగులు. ఎవరి చోటు వాళ్లది, ఆట మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా కదలదు. నీళ్లు అయిపోతే ఖాళీ సీసా అదే గడిలో మసగ్గా ఉండాలి, పక్కది జరిగి రాకూడదు. మంచి రాయి, మామూలు రాయి అని ఎరుపు, ఆకుపచ్చ అంచులు గీద్దామనుకోకు. ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు ఉంటారు, పైగా జవాబు ముందే చెప్పేసినట్టు అవుతుంది.

ఇదంతా కట్టకముందు కాగితం మీద ఫోన్ సైజులో గీసి, ఆటలు ఆడని ఒకరికి, ఆడే ఒకరికి ఇవ్వు. ఏమీ చెప్పకు. 'దాహం వేస్తోంది, నీళ్లు తాగు', 'ఈ రాయి వజ్రమో కాదో చూడు', 'సంచి నిండింది, కొత్తది తీసుకో' అని మూడు పనులు మాత్రం చెప్పి, వేలు ఎటు పోతోందో చూస్తూ ఉండు. వేలు గాల్లో ఆగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఒక్కో పనికి ఎన్ని ట్యాప్‌లు పట్టాయో, ఎక్కడ ఆగారో రాసి ఆ కాగితం ఫొటో పంపు. అది చూశాక బటన్లు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందాం.